సావో పౌలో నుంచి నాలుగు మెయిళ్లు

2008 మార్చి 27, గురువారం మధ్యాహ్నం మూడుంబావుకి శ్యామలాదేవి దుబాయ్ దేరాలోని సఫీనా టూర్స్ ఆఫీసు మెట్లెక్కింది. చేతిలో నాలుగు కాగితాలు. ఇక్కడ సంపాదించే మనిషి లేక, మర్నాడు ఉదయం ఏడున్నరకి ఫాతిమాబీ, పన్నెండేళ్ల కూతురు సల్మా చెన్నై విమానం ఎక్కాలి. ఆ కాగితాల్లో ఉన్నది నిజమే అయితే, వాళ్లు మొగుడూ తండ్రీ వదిలేసిపోయిన మనుషులుగా ఊరు చేరతారు. అబద్ధమని తేల్చాలంటే శ్యామలాదేవికి మిగిలింది పదహారు గంటలు. వాళ్లు ఒకసారి దేశం దాటారంటే ఇక్కడ ఆ మనిషి గురించి అడిగేవాళ్లు ఎవరూ ఉండరు.

నెల్లూరులో పదకొండేళ్లు ఎస్సైగా చేసి, భర్త ఉద్యోగం వెంట వచ్చి, ఇప్పుడు అజ్మాన్‌లో ఒక వకీలు దగ్గర కేసుల వాకబు చూస్తోంది శ్యామలాదేవి. ఇలాంటి పని వకీలు ఫీజుల పట్టికలో లేదు. ఫాతిమాబీ నెల్లూరు పక్క కావలి ఊరి మనిషి కావడం, మంగళవారం వకీలు ఆఫీసు గుమ్మంలో నిలబడి "ఆయన రాసినట్టే ఉందక్కా, కానీ ఆయన కాదు" అని ఒక్క మాట అనడం, అంతే కారణం.

విషయం పైకి చూస్తే సూటిగానే ఉంది. ఫాతిమాబీ భర్త హయాత్ బాషా సఫీనా వాళ్ల టూర్లకి తోడు వెళ్లే మనిషి. కిందటి అక్టోబరులో దుబాయ్ నుంచి బ్రెజిల్‌కి నేరుగా విమానం మొదలవగానే సఫీనా వాళ్లు సావో పౌలో ప్యాకేజీ పెట్టారు. పార్కులు, పాత మార్కెట్టు, పెద్ద చర్చి, జపానువాళ్ల పేట, ఫుట్‌బాల్ మైదానం, ఒక సాయంత్రం సాంబా ఆట. హయాత్ బాషా అప్పటికి రెండు జట్లను తీసుకెళ్లి క్షేమంగా తెచ్చాడు. మూడో జట్టులో ముప్పై రెండు మంది. ఎప్పటిలాగే వాళ్లకంటే రెండ్రోజులు ముందుగా వెళ్లాలని మార్చి 16, ఆదివారం మధ్యాహ్నం రెండింటికి పెట్టె పట్టుకుని ఇంట్లోంచి బయల్దేరాడు. ఆఫీసు పనులు చూసుకుని అక్కణ్ణుంచే మర్నాడు ఉదయం విమానం ఎక్కాలి. ఆ తర్వాత అతన్ని కళ్లతో చూసినవాళ్లు లేరు. జట్టు అక్కడ దిగేసరికి అతను రాలేదు. వచ్చినవి మెయిళ్లు మాత్రమే.

లోపల మేనేజరు కుర్చీలో కాలు మీద కాలేసుకుని సులేమానీ టీ తాగుతూ అంజిబాబు కనిపించాడు. సఫీనాకి బీమా ఇచ్చిన కంపెనీ తరఫున ఇదే కేసు చూసిన మనిషి. ఒకప్పుడు ఏలూరులో క్రైం కానిస్టేబులు. ఎస్సైలంటే ఉన్న పాత మంట ఇంకా చల్లారలేదు.

"రండి మేడం గారూ. ముదీర్ గారు, అదే ఇక్కడి మేనేజరు గారు, అయిదింటికి గాని రారంట. ఈలోగా మీరు చూసేదేదో చూసుకోమన్నారండి. ఫైలు నేను సోమవారమే మూసేశాను. నిన్నొచ్చిన మెయిలుతో ముద్ర కూడా పడిపోయింది."

"ఏమని మూశావు?"

"పారిపోయాడని. కొత్త దేశం, పెద్ద ఊరు. రెండుసార్లు వెళ్లొచ్చాడు, నచ్చింది, ఉండిపోయాడు. ఇలాంటివి నేను పదమూడు చూశానండి. పెళ్లాలు నమ్మరు, అంతే తేడా."

"విమానం ఎక్కినట్టు కాగితం చూశావా?"

"టికెట్టు చూశాను."

"టికెట్టు కొన్నట్టు చెబుతుంది. ఎక్కినట్టు కాదు. ఇమిగ్రేషన్ వాళ్లని అడిగావా?"

అంజిబాబు గ్లాసు కింద పెట్టాడు. "మీరు అడిగారుగా. ఏమన్నారు?"

"రేపూ ఎల్లుండీ సెలవంట. ఆదివారం చెబుతామన్నారు."

"మరి రేపే కదండీ వాళ్ల ప్రయాణం."

అతను వెటకారంగా అనలేదు, మామూలుగానే అన్నాడు. అందుకే ఆమెకి ఎక్కువ గుచ్చుకుంది. శ్యామలాదేవి మెయిళ్లు బల్ల మీద వరసగా పరిచింది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. ఫాతిమాబీకి ఆ అక్షరాలు రావు. నాలుగింటినీ సల్మాయే పైకి చదివి వినిపించింది. నాలుగోది చదివాక ఆ పిల్ల అన్నం ముట్టలేదని తల్లి చెప్పింది.

మొదటిది 17వ తేదీన. క్షేమంగా దిగాను, ఇక్కడ వాన. రెండోది అక్కడి లెక్కన 18న. పార్కు చూశాను, మార్కెట్టు చూశాను, హోటలుకి వచ్చాను. మూడోది 20న. నేను ఇక్కడే కొన్నాళ్లు ఉంటాను, ఏమీ అడగకు. నాలుగోది నిన్న బుధవారం. ఇంక నాకోసం ఎదురుచూడకు పాతూ, సల్మాని బాగా చదివించు, నన్ను మాఫ్ చెయ్యి.

"పాతూ అని ఎవరు పిలుస్తారండీ, మొగుడు కాకపోతే?" అన్నాడు అంజిబాబు. "టైములు కూడా చూసే ఉంటారు. రెండో మెయిల్లో సాయంత్రం చదివే మగ్రిబ్ నమాజు ఇప్పుడే చదివానని రాశాడు. మెయిలు వచ్చింది ఇక్కడ రాత్రి ఒకటీ ముప్పై నాలుగుకి. అక్కడికీ ఇక్కడికీ ఏడు గంటలు తేడా. అంటే అక్కడ సాయంత్రం ఆరూ ముప్పై నాలుగు. పొద్దు గుంకేది ఆరుంబావుకి. లెక్క అచ్చంగా సరిపోయింది. దుబాయ్‌లో కూర్చుని దొంగమెయిలు రాసేవాడికి అంత ఓపిక ఎక్కడిదండీ?"

శ్యామలాదేవి తలెత్తి గోడకేసి చూసింది. గోడ మీద రెండు గడియారాలున్నాయి. ఒకదాని కింద దుబాయ్, రెండోదాని కింద సావో పౌలో అని చీటీలు అంటించి ఉన్నాయి.

"ఓపిక అక్కర్లేదు. తలెత్తితే చాలు," అంది.

అంజిబాబు కూడా తలెత్తాడు.

"హయాత్ బాషా ఎక్కడ కూర్చుంటాడు?"

వెనక గది. మూడు బల్లలు, పడమటి వైపు ఒకే ఒక కిటికీ. కిటికీ కింద రెండు మూరల ఖాళీ జాగా. అక్కడ గచ్చు మిగతా చోట్లకంటే నునుపుగా ఉంది. చాప తీసేసి ఉన్నా, రోజూ ఒకే మనిషి అక్కడ మోకాళ్లూనాడని తెలుస్తూనే ఉంది. శ్యామలాదేవి మొదటి బల్ల కుర్చీలో కూర్చుంది. అడ్డంగా ఇనప బీరువా. కిటికీ కనపడలేదు. రెండో బల్ల హయాత్ బాషాది. మూడోదాంట్లో కూర్చుంది. కిటికీ, దాని కింద జాగా ఎదురుగానే ఉన్నాయి.

"ఇది ఎవరిది?"

"మురళీదండి. బుకింగులు చేసే కుర్రాడు. కరీంనగరోడు. మంచోడే. ఆ ప్యాకేజీ మొత్తం టైపు చేసేది అతనే. ఇప్పుడు జీరాక్సుకి వెళ్లాడు."

"బాషా బల్ల సొరుగు చూశావా?"

"చూశానండి. చెత్త. పాత టూర్ల కాగితాలు. బాత్రూములు ఎక్కడున్నాయి, కుర్చీలు ఎక్కడున్నాయి, ఇవే."

చూడ్డం చూశాడు, చదవలేదు. తన పాత స్టేషను గుర్తొచ్చి శ్యామలాదేవి నిట్టూర్చింది. సొరుగు లాగితే మీదనే కనబడింది. నాలుగు పేజీల కాగితం, మార్చి జట్టు కోసం. ఒక పక్క తెలుగు, ఒక పక్క ఉర్దూ, రెండూ చేత్తో రాసినవే. టూరు కంపెనీలు రంగుల పుస్తకం ఇచ్చి చేతులు దులుపుకుంటాయి. ఈ మనిషి అలా కాదు. ప్రతి చోటా జట్టుకంటే ముందు తను నడిచి చూసేవాడు, ముసలివాళ్ల కాళ్లతో నడుస్తున్నట్టు నడిచేవాడు, చూసింది రాసిపెట్టేవాడు. ఆమె నిలబడే మొదటి రెండు పేజీలు చదివింది. మూడో పేజీ మధ్యలో ఆగిపోయింది. మళ్లీ మొదటినుంచి ఆ నాలుగు వాక్యాలూ చదివింది. దొరికిందన్న సంతోషం రాలేదు.

గుమ్మంలో అడుగుల చప్పుడయింది. ముప్పై ఏళ్లు దాటని సన్నటి మనిషి, చంకలో కాగితాల కట్ట. నిద్రలేక కళ్లు లోపలికి పోయి ఉన్నాయి.

"మురళీ నువ్వేనా? రా, కూర్చో. నేను శ్యామలాదేవిని. హయాత్ బాషా ఇంటివాళ్ల తరఫున వచ్చాను."

అతను తన కుర్చీలో అంచుమీద కూర్చున్నాడు. "నమస్తే మేడం."

"సావో పౌలో ఎన్నిసార్లు వెళ్లావు?"

"నేనా? ఒక్కపారి గూడ పోలే మేడం. అన్నే పోతడు. నేను ఈడ కూసోని టైపు చేస్త."

"కానీ ఊరంతా తెలుసు."

"తెలుసు మేడం. పొద్దున మార్కెట్టు తొమ్మిదింటికి. ఆడికెల్లి చర్చి, నడిస్తే పావుగంట. జపానోళ్ల పేట ఆదివారం అయితెనే మంచిగుంటది. పార్కుకు నాలుగింటికి పోవాలె, ఎండ తగ్గుతది." చెబుతూ చెబుతూ అతని గొంతు కాస్త తేలికపడింది. "గైడోళ్లు గూడ అప్పుడప్పుడు నన్నే అడుగుతరు."

"బాషాకి మెయిలు ఎవరు పెట్టిచ్చారు?"

"నేనే. ఆయినకు కంప్యూటరు రాదు మేడం. నేనే ఖాతా తెరిచిచ్చిన."

"ఇంటికి ఫోను ఇక్కణ్ణుంచే చేసేవాడా?"

"రోజు చేస్తుండె. భోజనం టైముల."

"పాతూ అని పిలిచేవాడా?"

మురళీ కళ్లు దించుకున్నాడు. "పిలుస్తుండె."

అంజిబాబు గుమ్మానికి ఆనుకుని నిలబడి వింటున్నాడు. "మేడం గారూ, అడిగినవాటికి కుర్రాడు తడబడకుండా చెబుతున్నాడు కదండీ. ఇంక వదిలేయండి."

"వదిలేస్తాను. ముందు ఒక్క కాగితం చదవనీ." ఆమె మూడో పేజీ మురళీ చేతికిచ్చింది. "ఇది బాషా రాసింది. చేతిరాత గుర్తుపట్టావుగా. ఇక్కణ్ణుంచి పైకి చదువు."

మురళీ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మార్కెట్టులో అందరూ ఎగబడి తినే రొట్టె ఉంటుంది. అందులో పెట్టేది పంది మాంసం. చూడ్డానికి తెలీదు, అడక్కుండా తినొద్దు. పక్కనే పళ్ల అంగడివాడు ముక్కలు కోసి ఊరికే ఇస్తాడు, తీసుకోవచ్చు, మొహమాటం వద్దు. ఎడమ గుమ్మం దగ్గర నాలుగు బల్లలున్నాయి, మోకాళ్ల నొప్పులవాళ్లు అక్కడ కూర్చోండి, మేము తిరిగొచ్చి తీసుకెళతాం." అతని చూపు కింది వరసకి జరిగింది. "నమాజు చదివేవాళ్లకి మనవి. ఇండియాలో అయినా దుబాయ్‌లో అయినా మనం పడమర తిరిగి చదువుతాం. అక్కడ అలా తిరిగితే మక్కా మన వీపు వెనక పడుతుంది. ఆ ఊరినుంచి మక్కా తూర్పున ఉంది. సాయంత్రం నమాజుకి పొద్దు గుంకిన వైపు..."

అక్కడ ఆగిపోయాడు.

"చదువు," అంది శ్యామలాదేవి.

"పొద్దు గుంకిన వైపు వీపు పెట్టి నిలబడాలి. మొదటిసారి నేనూ అలవాటున తప్పు నిలబడ్డాను. హోటలు కాపలాదారు లెబనాన్ మనిషి, వచ్చి భుజం పట్టి తిప్పాడు."

శ్యామలాదేవి రెండో మెయిలు తీసి తనే చదివింది. ఆమె గొంతులో కోపం లేదు.

"కిటికీ దగ్గర మగ్రిబ్ చదివాను పాతూ. సూర్యుడు అప్పుడే దిగాడు. ఎదురుగా ఆకాశమంతా ఎరుపు. ఆఫీసులో చదివినట్టే ఉంది."

అంజిబాబు ముందుకొచ్చి రెండు కాగితాలూ మురళీ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. ఈసారి చదివాడు, వేలుపెట్టి ఒక్కో మాటా చదివాడు. "ఒకపూట మర్చిపోయి పడమర తిరిగుండొచ్చు కదండీ," అన్నాడు గాని, ఆ మాటకి బలం లేదని అతనికే తెలిసింది.

"ముప్పై రెండు మందికి తిరగొద్దని రాసిపెట్టినవాడు మర్చిపోతాడా? ఇది నమాజు చదివినవాడు రాసింది కాదు అంజిబాబూ. చదువుతుంటే చూసినవాడు రాసింది. రోజూ సాయంత్రం ఎదురుగా ఎర్రటి కిటికీ, దానికింద ఒక మనిషి. అది ఏ కుర్చీలోంచి కనబడుతుందో ఇందాక నేను కూర్చుని చూశాను."

అంజిబాబు చూపు మురళీ కూర్చున్న కుర్చీ మీద పడింది. ఇందాక గుమ్మానికి ఆనుకుని నిలబడ్డవాడు ఇప్పుడు వెనక్కి వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. జేబులోంచి ఫోను తీశాడు.

"ఎవరికి?" అంది శ్యామలాదేవి.

"ముదీర్ గారికి చెప్పాలి కదండీ. క్లయింటు."

"ఆ ఫోను కింద పెట్టు. సోమవారం నువ్వు మూసిన ఫైల్లో నీ సంతకం ఉంది. ఈ పిల్లాడు నోరు విప్పకముందే ముదీర్‌కి చెప్పావంటే, ఆ సంతకం ఎందుకు పెట్టావని నిన్ను అడిగేవాళ్లు వేరే ఉంటారు."

అంజిబాబు మొహం ఎర్రబడింది. మురళీ వైపు చూశాడు. మురళీ ఏడుస్తున్నాడు. చప్పుడు లేకుండా, కాగితం తడవకుండా దాన్ని పక్కకి జరిపి మరీ ఏడుస్తున్నాడు.

"నేనే రాసిన మేడం. నాలుగు గూడ నేనే రాసిన. ఈడ కరామ పేటల నెట్ సెంటర్ల కూసోని."

"బాషా ఎక్కడ?"

"పదారో తారీకు మేమిద్దరం అల్ వర్సాన్ గోడౌనుకు పోయినం మేడం. జట్టుకు ఇచ్చే సంచులు, టోపీలు తేవాలె. అయిదు గాలే ఇంక. ముదీర్ బామ్మర్ది అయూబ్ బస్సు తీస్తుండు. ఆయినకు బస్సు లైసెన్సు లేదు. జర ఎనుకకు చూపియ్యమన్నడు. నేను నిలబడి చెయ్యి ఊపిన. రా, రా అనుకుంట ఊపిన. అన్న సంచులు పట్టుకోని బస్సెనుక ఒంగిండు. నాకు కనవళ్లే మేడం."

శ్యామలాదేవి కళ్లు మూసుకుంది. పదకొండేళ్ల సర్వీసులో ఇలాంటి వాక్యం ముగిసేదాకా ఆగడం ఆమెకి ఎప్పుడూ అలవాటు కాలేదు.

"ముదీర్ వచ్చిండు. అన్న జేబులకెల్లి కార్డు, ఫోను తీసుకున్నడు. పాస్‌పోర్టు ఎట్లయిన ఆయిన దగ్గరే ఉంటది. తీస్కపోయి పెద్ద రోడ్డు పక్కన పండవెట్టిండ్రు. రోడ్డు మీదున్న డబ్బా ఫోనుకెల్లి అంబులెన్సుకు చెప్పిండ్రు, ఎవలో గుద్ది పోయిండ్రని. నాతోని అన్నడు, చెయ్యి ఊపింది నువ్వు, పోలీసుకు తెలిస్తె నువ్వు జైలుకు, కంపెనీ ఖలాస్. అన్న బ్రెజిల్ పోయిండని ఇంటికి మెయిలు కొట్టు, రేపటి విమానం ఎక్కిండని కొట్టు. నా పాస్‌పోర్టు గూడ ఆయిన దగ్గరనే ఉన్నది."

"అప్పుడే చనిపోయాడా?" అడిగింది శ్యామలాదేవి.

మురళీ తల అడ్డంగా ఊపాడు.

"లేదు మేడం. బతికే ఉండె. సర్కారీ దవాఖానల పేరు లేని మనిషని చీటీ కట్టి పండవెట్టిండ్రు. నేను రోజు పోయిన. సాయంత్రం చూడనిస్తరు. తెలుగోళ్లకు సాయం చేసే సంఘమోణ్ని అని చెప్పి పోయిన. మూడో దినం కండ్లు తెరిచిండు. నన్ను చూసిండు. గుర్తుపట్టిండు మేడం. నోరు కదిలింది గని మాట రాలే. లేస్తడు అనుకున్న. లేస్తె ఆయిననే చెప్తడు, నన్ను తిడ్తడు, కొడ్తడు, కొట్టనీ అనుకున్న. అందాక అక్కకు తెల్వకుంటె సాలు అని రాసుకుంట పోయిన."

"ఎన్నాళ్లు ఉన్నాడు?"

"తొమ్మిది దినాలు. మొన్న మంగళారం పొద్దుగాల పానం పోయిందట. సాయంత్రం పోతె మంచం ఖాళీ ఉన్నది."

శ్యామలాదేవి నాలుగో కాగితం చేతిలోకి తీసుకుంది. బుధవారం, మార్చి 26. ఇంక నాకోసం ఎదురుచూడకు పాతూ. ఆ మాట విని ఒక ఇల్లాలు నిన్నటినుంచి తనని తాను తిట్టుకుంటోంది, ఏం తక్కువ చేశానని గోడలని అడుగుతోంది.

"ఇది ముదీర్ రాయమన్నాడా?"

"లేదు. ఇది ఎవలూ చెప్పలే. నేనే రాసిన. సచ్చిపోయిండని రాయ చేతగాలే మేడం. ఎదురుచూడకని రాసిన."

అంజిబాబు కుర్చీ లాక్కుని కూర్చుండిపోయాడు. చేతిలో ఫోను ఇంకా ఉంది. మురళీని అడిగాడు, "బస్సు ఇంకా గోడౌనులోనే ఉందా?"

"ఉన్నది. కడిగి పెట్టిండ్రు."

"కడిగినా కిందంతా కడగలేరు." అతను శ్యామలాదేవి వైపు చూశాడు. వెటకారం ఎక్కడా లేదు. "నేను పోలీసులకి ఫోను చేస్తాను మేడం. ముదీర్ అయిదింటికి వస్తాడు. అప్పటికి ఇక్కడ వాళ్లుండాలి. ఈ కుర్రాణ్ని నేను చూసుకుంటాను. మీరు ఆవిడకి చెప్పండి. ఆ పని నా వల్ల కాదు."

తన వల్ల అవుతుందని శ్యామలాదేవికీ నమ్మకం లేదు. తొమ్మిది రోజులు ఆ మనిషి తన ఇంటికి అరగంట దూరంలో ఊపిరి పీల్చుకుంటూ ఉన్నాడు. తొమ్మిది రోజులూ అతని భార్య ఏడు గంటలు వెనకున్న దేశం టైము లెక్కగట్టుకుంటూ ఫోను పక్కన కూర్చుంది. ఒక్కసారి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకునే వీలు కూడా లేకుండా చేశారు. ఆ కోపంతో శ్యామలాదేవి మెట్ల మీదకి వచ్చి నంబరు నొక్కింది. మొదటి గంటకే ఫాతిమాబీ ఎత్తింది.

"అక్కా, పెట్టెలు తూకం ఏయించుకోని వచ్చినాం. ఏమన్నా తెలిసిందా?"

"రేపు ఎక్కొద్దు ఫాతిమా. నేను మీ ఇంటికొస్తున్నా."

"ఎందుకక్కా?"

"ఆయన ఆ దేశం పోలేదు. ఆ మెయిళ్లు ఆయన రాసినవి కాదు. ఆయన మిమ్మల్ని వదిలి ఎక్కడికీ పోలేదు."

"పోలేదా?" ఫాతిమాబీ గొంతు మారిపోయింది. పది రోజుల బరువు ఒక్కసారిగా దిగిపోయిన గొంతు అది. "నేను చెప్పలేదా అక్కా, ఆయన అట్ట చేసే మనిషి కాదని. సల్మా, ఇటు రా, మీ నాయన పోలేదంట, ఈడనే ఉండాడంట." అటువైపు ఏదో కింద పడింది, చిన్న పాదాలు పరిగెత్తుకొచ్చిన చప్పుడు వినబడింది. "యాడుండాడక్కా?"

శ్యామలాదేవి గోడకి చెయ్యి ఆనించింది. "ఆసుపత్రిలో," అంది. ఆ తర్వాతి మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"దెబ్బలేమన్నా తగిలినాయా? పర్లేదక్కా, నేను చూసుకుంటా. మేము ఇప్పుడే టాక్సీ ఎక్కతాం," అంది ఫాతిమాబీ. "ఏ వార్డో చెప్పక్కా."